పదో వంతులో పేదవాడి వాటా ఎటు పోయింది?

ఆదివారం ఆరాధనలో కానుకల సంచి తిరిగే ముందు చాలా తెలుగు చర్చిల్లో వినపడే వచనం ఒకటుంది. మలాకీ గ్రంథం, మూడో అధ్యాయం, పదో వచనం. పదో భాగమంతా నా మందిరపు నిధిలోకి తీసుకురండి, నేను 'ఆకాశపు వాకిండ్లను విప్పి' పట్టజాలనన్ని దీవెనలు కుమ్మరిస్తానో లేదో చూడండి అని దేవుడు అంటున్న మాట. చర్చికి వెళ్లే ఇంట్లో పెరిగిన పిల్లలకు ఇది ఎక్కాల్లా నోటికి వచ్చేస్తుంది. నాకూ అంతే.

అదే అధ్యాయంలో ఐదు వచనాలు వెనక్కి వెళ్తే ఇంకో మాట ఉంది. కూలివాడి కూలి దగ్గర అన్యాయం చేసేవాళ్ల మీద, విధవరాళ్లనీ తండ్రిలేని పిల్లలనీ బాధపెట్టేవాళ్ల మీద, పరదేశికి అన్యాయం చేసేవాళ్ల మీద తానే సాక్ష్యం చెబుతానని ఆ దేవుడే అంటాడు. కానుకలు పట్టే ముందు ఈ ఐదో వచనం చదివిన పాస్టరుగారిని నేనింతవరకూ చూడలేదు.

రెండు వచనాలూ ఒకే పేజీలో ఉన్నాయి. ఒకటి అందరికీ కంఠతా వచ్చి, రెండోది ఎవరికీ గుర్తులేకుండా పోవడానికి కొన్ని వందల ఏళ్ల చరిత్ర పట్టింది. డబ్బు గురించి, బీదవాళ్ల గురించి క్రైస్తవం అసలేమంటుందో తెలుసుకోవాలంటే ఈ దశమ భాగం, అంటే పదో వంతు కానుక కథ దగ్గర మొదలుపెట్టడమే మంచిదని నాకనిపిస్తుంది. అన్ని చిక్కుముడులూ ఇక్కడే ఉన్నాయి.

ముందు అసలు చట్టం ఏం చెప్పిందో చూద్దాం. మోషే ధర్మశాస్త్రంలో పదో వంతు గురించి ఉన్న నియమం ఒక్కటే కాదు. సంఖ్యాకాండం 18వ అధ్యాయం ప్రకారం అది లేవీయులది. మందిరం పని చూసే గోత్రం వాళ్లు. మిగతా గోత్రాలకు భూములు పంచినప్పుడు వీళ్లకు వాటా ఇవ్వలేదు కాబట్టి తిండికి ఈ ఏర్పాటు. పల్లెటూరి పాస్టరుగారి జీతం సంగతి మాట్లాడేటప్పుడు ఈ అధ్యాయాన్ని ఎత్తుకుంటే అందులో న్యాయం లేకపోలేదు. ముప్పై కూలీ కుటుంబాలున్న సంఘంలో ఆయనకు మాత్రం వేరే దిక్కేముంది?

ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయానికి వస్తే సంగతి మారిపోతుంది. అక్కడ పదో వంతు ధాన్యం, ద్రాక్షారసం, నూనె దేవుడు ఏర్పరచిన చోటికి తీసుకెళ్లి, ఇంటిల్లిపాదీ కూర్చుని తినాలి. ఊరు దూరమై మోసుకెళ్లలేకపోతే అమ్మి వెండి చేసుకుని, అక్కడికి వెళ్లాక ఎద్దో, గొర్రో, ద్రాక్షారసమో, మనసు ఏది కోరితే అది కొనుక్కుని సంతోషంగా తినమంటుంది. ఒకరకంగా ఊరి జాతరలాంటిది. ఈ వచనం మీద కూడా మనవాళ్లు ప్రసంగాలు చేయరు, ఎందుకో మీరే ఊహించుకోండి.

ఆ అధ్యాయం చివర్లో ఉంది అసలు సంగతి. మూడేళ్లకోసారి ఆ పదో వంతు ఎక్కడికీ పోనక్కర్లేదు. ఎవరి ఊళ్లో వాళ్లే కూడబెట్టాలి. లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు వచ్చి తిని తృప్తిపడాలి. పన్నెండు అధ్యాయాల తర్వాత ఇదే ఏర్పాటు మళ్లీ వస్తుంది. తర్వాతి కాలపు యూదు పండితులు వీటిని మూడు వేర్వేరు పదో వంతులుగా లెక్కేశారు. ఒకటి లేవీయులది, ఒకటి పండుగది, ఒకటి బీదలది. బీదల వంతు ఏడేళ్ల చక్రంలో మూడో ఏట, ఆరో ఏట వచ్చేది. ఇప్పుడు మన చర్చిల్లో 'దశమ భాగం' అన్న ఒక్క మాట కింద మొదటిది మిగిలింది, మిగతా రెండూ జారిపోయాయి.

ఇంకో విషయం కూడా గమనించాలి. ఆ చట్టం పదో వంతు అడిగింది పొలం పంట మీద, చెట్ల కాపు మీద, పశువుల మంద మీద. కూలి డబ్బుల ఊసు అందులో లేదు. భూమి లేని మనిషికి వేరే ఏర్పాటు ఉంది, దాని పేరు మన డెల్టా ఊళ్లలో అందరికీ తెలిసిందే: పరిగె. లేవీయకాండం 19వ అధ్యాయం రైతుకు గట్టిగానే చెబుతుంది. పొలం అంచుల దాకా కోయొద్దు, రాలిన పరిగె నువ్వు ఏరుకోవద్దు, అవి బీదలకీ పరదేశులకీ వదిలెయ్. రూతు అనే మోయాబు కోడలు బేత్లెహేము పొలంలో చేసింది ఇదే పని. కోతలైన చేలో కొంగు దోపుకుని, వంగి వంగి వెన్నులు ఏరే ఆడవాళ్లను చూసినవాళ్లకు రూతు కథ మరొకరు వివరించనక్కర్లేదు. ఆ కథలో తేడా ఏమిటంటే, పరిగె ఏరుకోవడానికి ఆమె ఎవరినీ బతిమాలుకోనవసరం లేని చట్టం అప్పటికే ఉంది. రాలిన గింజ ఆమె హక్కు.

అప్పుల సంగతీ అంతే. ఏడో ఏట బాకీలు విడిచిపెట్టాలి. ఏడో ఏడు దగ్గరపడుతోంది కదా, ఇస్తే తిరిగిరాదు కదా అని అడిగిన బీదవాడి దగ్గర ముఖం చాటెయ్యొద్దని ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ముందే హెచ్చరిస్తుంది. వడ్డీ వ్యాపారి బుద్ధి మూడు వేల ఏళ్ల క్రితమూ ఇదేనన్నమాట. యాభయ్యో ఏట, మన బైబిలు 'సునాద సంవత్సరం' అని పిలిచే ఏట, అమ్ముకున్న భూమి తిరిగి పాత కుటుంబానికి చేరాలి. ఇది నిజంగా అమలైన సందర్భం బైబిలు కథల్లో ఎక్కడా కనపడదు. కాగితం మీద భూసంస్కరణలు అప్పటినుంచీ ఉన్నాయి.

యేసు దగ్గరికి వస్తే, దశమ భాగం గురించి ఆయన సూటిగా మాట్లాడింది బహు తక్కువ. మత్తయి 23వ అధ్యాయంలో ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యులను తిడుతూ, పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా లెక్కపెట్టి పదో వంతు ఇస్తారు గానీ న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేశారంటాడు. పదో వంతు మానేయమనలేదు. పోపుల డబ్బా దగ్గర చూపించే నిష్ఠ కూలివాడి లెక్క దగ్గర ఏమైందని అడిగాడు.

విధవరాలి రెండు కాసుల కథ అందరికీ తెలుసు. మందిరంలో ధనవంతులు పెద్ద మొత్తాలు వేస్తుంటే, ఒక బీద విధవరాలు వచ్చి రెండు చిన్న కాసులు వేసింది. ఆ రెండూ కలిపితే అప్పటి రోజు కూలి అయిన దేనారంలో అరవై నాలుగో వంతు. ఇవాళ కూలి 640 రూపాయలనుకుంటే ఆమె వేసింది పది రూపాయలు. తనకున్నదంతా అదే. 'చూశారా, ఉన్నదంతా ఇచ్చింది, మనమూ అలా ఇవ్వాలి' అని ప్రసంగం ముగుస్తుంది. మార్కు సువార్తలో దీనికి సరిగ్గా ముందున్న వచనం చూడండి. విధవరాళ్ల ఇళ్లు దిగమింగుతూ, చూసేవాళ్ల కోసం పొడుగాటి ప్రార్థనలు చేసే శాస్త్రుల, అంటే ధర్మశాస్త్ర పండితుల గురించి యేసు జాగ్రత్తపడమంటున్నాడు. ఆ మాట అయిన వెంటనే ఈ విధవరాలు వస్తుంది. కాబట్టి ఆయన ఆమెను మెచ్చుకుంటున్నాడా, లేక ఆఖరి కాసు కూడా ఆమె దగ్గర మిగల్చని ఏర్పాటును వేలెత్తి చూపిస్తున్నాడా? పండితుల్లో రెండు అభిప్రాయాలూ ఉన్నాయి. నాకైతే రెండూ ఒకేసారి నిజమనిపిస్తుంది.

సూదిబెజ్జం, ఒంటె సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. ధనవంతుడు దేవుని రాజ్యంలోకి వెళ్లడం కన్నా సూదిబెజ్జంలో ఒంటె దూరడం తేలిక అన్న మాటకు మన ప్రసంగాల్లో ఒక వివరణ తిరుగుతుంటుంది. యెరూషలేములో 'సూదిబెజ్జం' అనే చిన్న ద్వారం ఉండేదట, బరువు దించుకుని మోకాళ్ల మీద పాకితే ఒంటె పట్టేదట. వినడానికి బాగుంటుంది. అలాంటి ద్వారం ఉండేదనడానికి ఆధారం లేదు. ఆ మాటలోని పదును భరించలేక తర్వాతి కాలంలో కట్టిన కథ అది. భరించడం కష్టమే మరి. క్రీ.శ. 200 ప్రాంతంలోనే అలెగ్జాండ్రియాలో క్లెమెంటు అనే గురువు, 'ఏ ధనవంతుడు రక్షణ పొందగలడు' అన్న ప్రశ్న మీద ఏకంగా ఒక గ్రంథం రాయాల్సి వచ్చింది. ఆస్తి పనిముట్టులాంటిది, దాన్ని వాడే మనసు ముఖ్యం అని ఆయన తేల్చాడు. అప్పటికే చర్చిలో డబ్బున్నవాళ్లు చేరిపోయారని మనకు అర్థమవుతుంది.

మొదటి రోజుల్లో మాత్రం సంఘపు డబ్బు ఎటు పోయేదో రాతల్లో స్పష్టంగానే ఉంది. అపొస్తలుల కార్యాల ఆరో అధ్యాయంలో సంఘంలో సణుగుడు లేచింది వాక్యం గురించి కాదు, విధవరాళ్ల భోజనం గురించి. గ్రీకు మాట్లాడే విధవరాళ్లను రోజువారీ వడ్డనలో చిన్నచూపు చూస్తున్నారని గొడవ అయితే, ఆ పని చూడటానికి ఏడుగురిని పెట్టారు. పౌలు మకిదోనియలో, కొరింథులో చందాలు పోగుచేసింది యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం. అప్పుడు కూడా పదో వంతు అని లెక్క చెప్పలేదు. ఎవరి మనసులో వాళ్లు నిశ్చయించుకున్నంత ఇవ్వండి, సణుక్కుంటూ కాదు, బలవంతం మీదా కాదు అని రాశాడు.

రెండో శతాబ్దం మధ్యలో రోములో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసిన వివరం ప్రకారం ఆదివారపు కానుక అధ్యక్షుడి దగ్గర ఉంచేవాళ్లు. దాన్నుంచి ఆయన అనాథలకు, విధవరాళ్లకు, రోగులకు, జైల్లో ఉన్నవాళ్లకు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు సాయం చేసేవాడు. 251 ప్రాంతంలో రోము బిషప్పు కొర్నేలి రాసిన ఉత్తరంలో, తమ సంఘం 1,500 మందికి పైగా విధవరాళ్లనూ కష్టాల్లో ఉన్నవాళ్లనూ పోషిస్తోందని లెక్క ఉంది. 362లో జూలియన్ చక్రవర్తి పాత దేవతల పూజను నిలబెట్టాలని చూస్తూ తన పూజారికి చిరాగ్గా ఉత్తరం రాశాడు: ఈ గలిలయవాళ్లు (క్రైస్తవులను ఆయన అలా పిలిచేవాడు) తమ బీదలతో పాటు మన బీదలను కూడా పోషిస్తున్నారు, మనం చేతులు ముడుచుకు కూర్చున్నాం అని. పడనివాడి నోటి నుంచి వచ్చిన మాట కాబట్టి దీని విలువ ఎక్కువ.

ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఇప్పటి టర్కీలో ఉన్న కప్పదొకియలో కరువొచ్చింది. అక్కడి కైసరయ పట్టణంలో బాసిల్ అనే సంఘ పెద్ద, ధాన్యం గాదెలున్న ఆసాముల ముందు నిలబడి మాట్లాడాడు. నువ్వు దాచుకున్న రొట్టె ఆకలితో ఉన్నవాడిది, పెట్టెలో మడతపెట్టిన బట్ట ఒంటి మీద బట్ట లేనివాడిది అన్నది ఆయన వాదం. ధర్మం చేయడమన్న మాటే ఇందులో లేదు. వాడిది వాడికి ఇచ్చెయ్యమంటున్నాడు. ఊరి బయట రోగులకూ దిక్కులేనివాళ్లకూ ఆయన కట్టించిన చోటు ఆసుపత్రుల చరిత్రలో మొదటివాటిలో ఒకటిగా నిలిచింది. ఆయన తర్వాతి తరంలో క్రిసోస్తము అనే ప్రసంగీకుడు ఇంకా పచ్చిగా అన్నాడు. గుళ్లో క్రీస్తుకు పట్టుబట్టలు కప్పి, బయట చలికి వణుకుతున్న క్రీస్తును వదిలేయకండి అని. మెదక్ చర్చి రంగు అద్దాల కింద నిలబడినప్పుడల్లా నాకు ఈ మాట గుర్తొస్తుంది. 1924 క్రిస్మస్ రోజు ప్రతిష్ఠించిన ఆ గుడి కట్టడం కరువులో జనానికి కూడు పెట్టిన పని అని కూడా మనవాళ్లు చెప్పుకుంటారు. క్రిసోస్తము ఒప్పుకునేవాడో లేదో గానీ, కూలి అందుకున్నవాళ్లు ఒప్పుకుని ఉంటారు.

మరి ఎక్కడ తప్పింది దారి? అయిదో శతాబ్దం చివరికి రోములో చర్చి ఆదాయాన్ని నాలుగు వాటాలు చేసే పద్ధతి ఉంది. బిషప్పుకు ఒకటి, గురువులకు ఒకటి, గుడి మరమ్మతులకు ఒకటి, బీదలకు ఒకటి. 601లో గ్రెగరీ పోపు ఇంగ్లండుకు పంపిన జవాబులో కూడా ఇవే నాలుగు వాటాలు. కాగితం మీద పావలా వంతు బీదలదే. ఈలోగా 585లో ఫ్రాన్సులోని మాకోన్‌లో జరిగిన బిషప్పుల సభ పదో వంతు ఇవ్వనివాళ్లను వెలి వేస్తామంది. 779లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ దాన్ని రాజశాసనం చేశాడు. ఇష్టపూర్వకమైన కానుక పన్నుగా మారిపోయింది. పన్నుకు ఏ గతి పడుతుందో దానికీ అదే పట్టింది. ఇంగ్లండులో కోడిగుడ్ల మీద, ఉన్ని మీద కూడా వసూలు చేశారు. ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించాక పదో వంతు వసూలు చేసే హక్కు చాలా చోట్ల భూస్వాముల చేతికి వచ్చి, అమ్ముకోవడానికీ కొనుక్కోవడానికీ వీలైన ఆస్తి అయింది. విధవరాలి కోసం పెట్టిన వాటాను విధవరాలి నుంచే దొర వసూలు చేసుకున్నాడు. ఫ్రెంచి విప్లవం 1789లో దీన్ని రద్దు చేస్తే, ఇంగ్లండు 1936 దాకా సాగదీసింది.

అమెరికాలో ప్రభుత్వం డబ్బుతో నడిచే చర్చి లేదు కాబట్టి కానుకల మీదే నడవాలి. అక్కడ 19వ శతాబ్దం చివర్లో దశమ భాగం బోధ కొత్త ఊపు అందుకుంది. మలాకీ చెప్పిన 'మందిరపు నిధి' అంటే మీ స్థానిక సంఘమే అని చెప్పడం మొదలైంది. 20వ శతాబ్దంలో ఓరల్ రాబర్ట్స్ లాంటి టీవీ ప్రసంగీకులు ఇంకో మెట్టెక్కి, కానుక అంటే విత్తనం, వేస్తే పంట వస్తుంది అన్నారు. మన టీవీల్లో, యూట్యూబుల్లో 'విత్తనం వేయండి' అన్న మాట కింద క్యూఆర్ కోడు కనపడితే దాని వంశవృక్షం ఇదే. ఒక పెద్ద మీటింగులో ప్రసంగీకుడు, అప్పుల్లో ఉన్నవాళ్లు ముందు దేవుడి బాకీ తీర్చాలి, చేతిలో లేకపోతే అప్పు తెచ్చయినా ఇవ్వాలి అంటే చప్పట్లు కొట్టడం నేను నా కళ్లతో చూశాను. డ్వాక్రా వాయిదా కట్టలేక టెన్షన్ పడుతున్న ఆడవాళ్లే ఆ షెడ్డు నిండా ఉన్నారు.

ఇంతవరకూ చదివి, అయితే దశమ భాగం ఒట్టి దోపిడీ అని తేల్చేస్తే మాత్రం తెలుగు నేల మీద జరిగిన ఒక పెద్ద సంగతి మనకు అర్థం కాకుండా పోతుంది.

1876లో వచ్చింది ధాత కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలికి చస్తున్న వేల మందికి ఆ పని ఇచ్చాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం ఇవ్వమని గుంపులుగా అడిగితే, కరువు సాయం నడుస్తున్నంతకాలం ఇవ్వనన్నాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన పట్టు. ఏడాది దాటాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 'బియ్యం క్రైస్తవులు' అన్న ఎగతాళికి తెలుగు క్రైస్తవులు ఇప్పటికీ ఈ అంకెనే జవాబుగా చెబుతారు.

ఇలా చేరినవాళ్లు ఎవరు? కళ్లంలో ఆసామి కొలిచి పోసే మేర కోసం నిలబడినవాళ్లు. పెట్టేవాడి చెయ్యి పైన, పుచ్చుకునే తమ దోసిలి కింద, తరతరాలుగా అంతే. అలాంటి జనానికి దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య, 1912లో ఆంగ్లికన్ చర్చిలో బిషప్పయిన మొదటి భారతీయుడు, పదే పదే ఒక మాట చెప్పాడు: మీరూ ఇవ్వాలి. బీదవాళ్లం కదా అంటే ఒప్పుకోలేదు. కానుకల మీద ఒక పుస్తకమే రాశాడు. విదేశీ డబ్బు మీద బతికే సంఘానికి వెన్నెముక ఉండదని ఆయన నమ్మకం. పుచ్చుకోవడం తప్ప ఎరగని చెయ్యి మొదటిసారి పైకి లేచి పళ్లెంలో ఏదో వేయడమంటే ఆ మనిషి నడకే మారిపోవడం. పైనుంచి చూసి 'కూలీల దగ్గర కూడా వసూలు చేస్తారా' అనేవాళ్లకు ఇది కనపడదు. చాలాకాలం నాకూ కనపడలేదు.

మా అమ్మ అన్నానికి ఎసరు పెట్టి బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి మూత ఊడిన పాలడబ్బాలో వేసేది. చర్చి బియ్యం. మా పక్కింటి పిన్ని కూడా అంతే. మిజోరంలో 1910లో మొదలైన ఇదే పద్ధతి నుంచి అక్కడి చర్చిలకు ఇప్పుడు ఏటా కోట్ల రూపాయలు వస్తున్నాయి. మా ఇంట్లో మాత్రం లెక్క అంత దూరం పోలేదు. శనివారం సాయంత్రం డబ్బాలన్నీ ఒక గోనెలోకి వంపేవాళ్లు. సగం పాస్టరు అయ్యగారింటికి, సగం వెనక వీధిలో ఒంటరిగా ఉండే ముసలమ్మకి, ఇంకో ఇద్దరికి. ద్వితీయోపదేశకాండం అమ్మ చదివిందో లేదో తెలియదు. లేవీయుడికీ విధవరాలికీ ఒకే గోనె లోంచి కొలిచేవాళ్లు.

ఇప్పుడు ఆ గోనె లేదు. యూపీఐ వచ్చింది, అంతకన్నా ముందే రేషను బియ్యం వచ్చాయి, పిడికెడు బియ్యానికి విలువ పోయింది. కోత పండుగకు కానుకగా తెచ్చినవాటి వేలం పాట మాత్రం జోరుగా సాగుతోంది. మొన్న ఒక సొరకాయను హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు నాటుకోడి రేటుకి పాడుకున్నాడు. ఆ డబ్బుతో గుడికి టైల్స్ వేయించారు.

ఈ ఏడాది మా సంఘం వార్షిక సమావేశంలో కోశాధికారి లెక్కలు చదివారు. పాస్టరుగారి జీతం, కరెంటు బిల్లు, సౌండ్ సిస్టం, రంగులు, సెమీ క్రిస్మస్ భోజనాలు, ప్రసంగీకుల కారు ఖర్చులు. చివర్లో, 'ఇతరములు'కు ఒక వరస పైన, 'బీదల నిధి'. అంకె చదివి ఆయన పేజీ తిప్పబోయారు. వెనక చాప మీద కూర్చున్న ఒక పెద్దావిడ చెయ్యెత్తింది.

"అయ్యా, ఆ బీదల డబ్బులు ఎవరెవరికిచ్చారండీ?"

కోశాధికారి పాస్టరుగారి వైపు చూశారు. పాస్టరుగారు గడియారం వైపు చూశారు. "అమ్మా, అవి ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. కమిటీలో మాట్లాడాలి. ముగింపు ప్రార్థన చేసుకుందాం, అందరం లేచి నిలబడదాం."

ఆవిడ లేవలేదు. మోకాళ్ల నొప్పులేమో మరి.